ఏపీఐలు ఇచ్చారు, అడిగితే చెప్పే మనుషుల్నీ ఇవ్వండి

గౌరవనీయులైన కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రభుత్వ డేటా, సేవలు ఏపీఐల (ఒక సాఫ్ట్‌వేర్ మరో సాఫ్ట్‌వేర్‌ని అడిగి డేటా తీసుకునే మార్గాల) ద్వారా అందాలని కేంద్రం 2015లోనే ఓపెన్ ఏపీఐ విధానం తెచ్చింది. తర్వాత ప్రభుత్వ ఏపీఐలు ఒకేచోట దొరికే వేదికగా ఏపీఐ సేతు వచ్చింది. మంచి పని. కానీ వాటితో యాప్ చేయడానికి కూర్చున్నవాళ్లకు సందేహం వస్తే ఎవరిని అడగాలి?

విజయవాడలో మాది చిన్న టీమ్. స్కాలర్‌షిప్ దరఖాస్తుల యాప్ కోసం ఒక శాఖ ఏపీఐ తీసుకున్నాం. ఏం పంపినా ‘ఇన్‌వ్యాలిడ్ రిక్వెస్ట్’ అన్న ఒకటే జవాబు. మెయిల్ పెడితే టికెట్ నంబర్ వచ్చింది, సమాధానం రాలేదు. చివరికి తెలిసినవాళ్ల ద్వారా ఆ సర్వర్ చూసే ఇంజినీర్‌ని పట్టుకుంటే ఫోన్‌లోనే తేలిపోయింది. పుట్టినతేదీలో రోజు ముందు రాయాలని, ఏపీఐ ఎలా వాడాలో వివరించే డాక్యుమెంటేషన్ చెబుతోంది, సర్వరేమో సంవత్సరం ముందు కావాలంటోంది! ఆ ఒక్క లైను ఇంకా అలాగే ఉంది. మా తర్వాత వచ్చేవాళ్లూ అక్కడే ఆగుతారు, వాళ్లకు తెలిసిన ఇంజినీర్ ఉండకపోవచ్చు.

ప్రైవేటు కంపెనీల్లో ఈ పనికి డెవలపర్ రిలేషన్స్ టీమ్ ఉంటుంది. మీటింగుల్లో టీషర్టులు పంచే ఉద్యోగమని కొందరు అనుకుంటారు, అది పొరపాటు. బయటివాళ్ల ఇబ్బంది విని, లోపలి టీమ్ చేత సరిచేయించడమే అసలు పని. ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ స్ట్రైప్ తొలిరోజుల్లో వ్యవస్థాపకులైన కొలిసన్ సోదరులు, వాడతామన్నవాళ్ల ల్యాప్‌టాప్ అడిగి తీసుకుని అక్కడికక్కడే సెటప్ చేసిచ్చేవారు.

2021 మే నెల గుర్తుచేసుకోండి. 18–44 ఏళ్లవారికి టీకా స్లాట్లు నిమిషాల్లో అయిపోతుంటే, కోవిన్ ఏపీఐతో మన కుర్రాళ్లు టెలిగ్రామ్ అలర్టులు నడిపి ఎంతోమందికి దారి చూపారు. తర్వాత డేటా అరగంట వరకు పాతది కావచ్చన్న మార్పు వచ్చింది. సర్వర్ మీద భారం నిజమే, కాదనను. కానీ అరగంట పాత అలర్ట్ ఎవరికి పనికొస్తుంది? అలాంటి మార్పుకు ముందు డెవలపర్లతో కూర్చుని మాట్లాడటానికే ఈ ఉద్యోగం ఉండాలంటున్నాను.

ఏపీఐ ఇచ్చే ప్రతి శాఖలో డెవలపర్ రిలేషన్స్‌కి ఒక అధికారిని నియమించండి. డాక్యుమెంటేషన్‌లో తప్పుంటే దిద్దే అధికారం ఆయనకే ఇవ్వండి, ఫైలు తిరగకూడదు. తెలుగులో అడిగితే తెలుగులో చెప్పే ఏర్పాటు కూడా ఉంటే జిల్లా కాలేజీల పిల్లలు ధైర్యంగా ముందుకొస్తారు. శాఖలు ఎన్ని ఏపీఐలు పెట్టాయని కాకుండా, వాటితో ఎన్ని యాప్‌లు నిజంగా నడుస్తున్నాయో సమీక్షల్లో అడగండి. ముందు ఒక్క శాఖలో మొదలుపెట్టినా చాలు, పరీక్షించి లోపాలు రాసివ్వడానికి మా టీమ్ సిద్ధంగా ఉంది.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ డెవలపర్