క్రాఫ్ట్ స్టాంపు అసలు కొలత ప్యాకింగ్ కవరు మీదే వేయండి

సంపాదకులకు,

పన్నెండేళ్లుగా చేత్తో గ్రీటింగ్ కార్డులు చేస్తున్నాను. ఇంకు అద్ది కాగితం మీద బొమ్మలు ముద్రించే క్రాఫ్ట్ స్టాంపులు తయారుచేసే కంపెనీలకు మీ పత్రిక ద్వారా నా మాట చేరాలని రాస్తున్నాను.

మొన్న ఆన్‌లైన్‌లో గులాబీ స్టాంపు తెప్పించాను. ఫొటోలో అరచేతంత కనిపించింది. తీరా విప్పి చూస్తే బొటనవేలి గోరంత! అంత చిన్నదాంట్లో రేకుల గీతల మధ్య ఇంకు నిండిపోయి, కాగితం మీద మచ్చే మిగిలింది. ఫొటో పక్కన సెంటీమీటర్లలో కొలత వేయడం ఏమంత కష్టం?

కొత్త క్లియర్ స్టాంపు (పారదర్శకంగా ఉండే రకం) మీద ఒక్కోసారి సన్నటి జిడ్డు పొర ఉంటుంది. ఇంకు నిలవక చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో మెల్లగా రుద్దితే సమంగా పట్టుకుంటుంది. ఇది తెలియక మొదట్లో రెండు సెట్లు పారేశాను, ఇప్పటికీ బాధే. ఆ ఒక్క వాక్యం కవరు మీద ఉంటే అవి నా దగ్గరే ఉండేవి. వెలుతురులో ఉంచితే పసుపెక్కుతాయనీ రాయాలి.

ఇంకొకటి. స్టాంపు బొమ్మతో చేసిన కార్డులు అమ్ముకోవచ్చా? కొన్ని కంపెనీలు సరేనంటాయి, కొన్ని షరతులు పెడతాయి. అదీ కవరు మీదే చెబితే మాకు ఈ టెన్షన్ ఉండదు.

– ఒక పాఠకురాలు