కాలనీ పెద్దలు కార్పొరేటర్ బరిలోకి దిగేముందు

సంపాదకులకు నమస్కారం. గ్రేటర్ వరంగల్‌లోని 66 డివిజన్లలో పోటీకి దిగాలనుకునే కాలనీ సంఘాల పెద్దలు ప్రచారం కన్నా ముందు కాగితాలు చూసుకోవాలి. వయసు 21 నిండాలి, పేరు నగర ఓటరు జాబితాలో ఉండాలి. ప్రతిపాదించే మనిషి మాత్రం పోటీచేసే డివిజన్ ఓటరే కావాలి. పక్క డివిజన్‌లో ఉండే బావమరిది సంతకం పనికిరాదు. బల్దియాకు కట్టాల్సిన బకాయిలు ముందే తీర్చి రసీదు దగ్గర పెట్టుకోవాలి.

అఫిడవిట్‌లో కేసులు, ఆస్తుల గడులు ఖాళీగా వదిలితే నామినేషన్‌కే ముప్పు. ఏమీ లేకపోతే 'లేదు' అని రాయాలి. ఖర్చు లెక్క ఏ రోజుది ఆ రోజే రాసుకోవాలి.

2023 జూలైలో నయీంనగర్ నాలా పొంగింది. ఓటడిగేవాళ్లు డివిజన్‌లోని నాలాల పూడిక ఏ నెలలో తీయిస్తారో రాతపూర్వకంగా చెప్పాలి. వానలు మొదలయ్యాక తీసి గట్టున పోస్తే ఆ మట్టి మళ్లీ నాలాలోకే జారుతుంది.

— ఒక ఓటరు, హన్మకొండ