క్లాసు సంగతి అడగటానికి కాదు

చిట్టీ,

ఫోన్ చేస్తే ఎత్తవు, మెసేజ్ పెడితే నీలం గీతలు పడతాయి, జవాబు మాత్రం రాదు. అందుకే ఈ ఉత్తరం. ఈ రోజుల్లో ఉత్తరమేంటని మీ అన్న నవ్వాడు. నవ్వుకోనీ. ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న మోకాలు మామూలే. గోంగూర పచ్చడి చేసి సీతత్త వాళ్ల అమ్మాయితో పంపిస్తున్నాను. తడి చెంచా ముంచకు.

సీతత్త అంటే గుర్తొచ్చింది. ఆ పిల్ల ఏదో అందట, కీట్స్ పాఠం రోజు నుంచి నువ్వు ఇంగ్లీష్ క్లాసుకు వెళ్లటం లేదని. నేను నమ్మలేదులే. అది అడగటానికీ రాయటం లేదు. ఆ పాఠం శరదృతువు మీద ఆ ఇంగ్లీష్ కవి రాసిన 'టు ఆటమ్' కవిత అని తెలిశాక ఊరుకోలేకపోయాను, అంతే. మాకూ బీఏలో అదే ఉండేది.

మా మేడమ్ బాగా చెప్పేవారు కానీ పట్నంలో పెరిగిన మనిషి. రెండో చరణంలో శరదృతువు ఒక మనిషిలా ధాన్యపు కొట్టు నేల మీద తీరిగ్గా కూర్చుంటుంది చూడు, తూర్పారపట్టే గాలికి జుట్టు మెల్లగా లేస్తుంటుంది. "పని అయిపోయింది, ఇక విశ్రాంతి" అనేసి మేడమ్ ముందుకు వెళ్లిపోబోయారు. చివరి బెంచీలోంచి సీత లేచింది. ఇంటర్ దాకా తెలుగు మీడియం, కాలేజీలో చేరాక క్లాసులో నోరు విప్పని పిల్ల. "పని అవలేదు మేడమ్" అంది తెలుగులోనే. "జుట్టు కదిలేపాటి గాలికి పొట్టు ఎగరదు. గాలి ఊపందుకునేదాకా చేట పక్కన పెట్టి కూర్చుంటారు. మా నాయనమ్మా అంతే." ఎవరో కిసుక్కుమన్నారు. మేడమ్ నవ్వలేదు. ఆ పంక్తి మళ్లీ చదువుకుని, "మరి నెత్తిన బరువుతో వాగు దాటే ఈ మనిషి ఎవరమ్మా?" అని అడిగారు. "పరిగె ఏరుకుని ఇంటికి పోతోంది. మూట జారకుండా మెడ నిలబెట్టి నడవాలి, కాలు తడబడితే పొద్దుటి కష్టమంతా నీళ్లపాలు" అని మెడ నిలబెట్టి చూపించింది కూడా. ఆపిల్ రసం ఆఖరి చుక్క కారేదాకా గంటల తరబడి చూస్తూ కూర్చునే చోట, "చెరకు గానుగ దగ్గర మా తాత" అంది. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. పరీక్షలో ఆవిడకి మార్కులేమీ విరగబడి రాలేదు, అది వేరే కథ. ఆ రోజు నవ్విందెవరే అని మొన్న అడిగితే, "ఎవరైనా నవ్వారా?" అంటుంది.

అసలు ఆ కీట్స్‌ని మాత్రం వదిలారా? యూనివర్సిటీ చదువు లేదు, వైద్యం నేర్చుకుని కవిత్వానికి వచ్చినవాడు. మళ్లీ మందుల కొట్టుకే పోయి పట్టీలూ మాత్రలూ చూసుకొమ్మని 1818లో ఒక పత్రిక ఎద్దేవా చేసింది. ఆ డిసెంబరులోనే తమ్ముడు టామ్ క్షయతో పోయాడు. మరుసటి ఏడు సెప్టెంబరు 19, ఆదివారం, వించెస్టర్‌లో నడకకు వెళ్తే కోతలైన పొలం వెచ్చగా కనిపించిందట. వసంతకాలపు చలిపచ్చదనం కన్నా ఈ మోళ్లే బాగున్నాయని స్నేహితుడికి రాశాడు. మీ పాఠం ఆ నడకలో పుట్టిందే. 33 పంక్తుల్లో ఎక్కడా తన గోడు చెప్పుకోలేదు. రోమ్‌లో పోయేనాటికి పాతికేళ్లు. ఇది రాస్తుంటే నీ దగ్గు గుర్తొచ్చింది, తడి జుట్టుతో ఫ్యాను కింద పడుకోకు. మూడో చరణంలో ఏటి ఒడ్డున చిన్న దోమలు గుంపుగా ఏడుస్తాయి కదా, నాకైతే మీ హాస్టలే కళ్ల ముందు కనపడింది. దోమతెర కట్టుకుంటున్నావా, లేక ఇంకా పెట్టెలోనే ఉందా?

క్లాసులో ఎవరైనా ఏమైనా అన్నారేమో నాకు తెలియదు, అడగను. 75 శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరని మాత్రం తెలుసు. పోయిన క్లాసుల నోట్సు అడిగి రాసుకో, అందులో నామోషీ ఏముంది? ముందు బెంచీలో కూర్చో. టిఫిన్ మానేసి వెళ్తే ఏ పాఠమూ ఎక్కదు. ఒకసారి వెనకబడితే... సరే, లెక్చర్ ఇవ్వనని నాన్నకు మాటిచ్చాను.

ఆదివారం సీతత్త వస్తోంది. పదకొండుకు ఫోన్ చెయ్యి, ఇద్దరం ఉంటాం. కోర్సు మానేస్తాననే మాట నువ్వు అన్నావో లేదో కానీ, నాన్న చెవిన ఇంకా పడలేదు. ముందు నాకు చెప్పు.

అమ్మ

దుప్పటి కూడా పెట్టాను. నీలందైతే బుజ్జిగాడు వదలటం లేదు, దీంతోనే సర్దుకో.