లాయరును కలిసేదాకా ఆ క్షమాపణ ఆపు

ప్రియ మిత్రమా,

రాత్రి ఫోనులో నీ మాటలు సగం ఆదుర్దాలోనే కొట్టుకుపోయాయి కనుక, నేను చెప్పవలసింది తీరికగా రాస్తున్నాను. పార్కింగ్ దగ్గర మొదలైన మాటల తగవు తోపులాట దాకా వెళ్లిందనీ, అవతలి మనిషికి పన్ను విరిగిందనీ, ఎఫ్ఐఆర్‌లో నీ పేరూ నీ డ్రైవర్ కుర్రవాడి పేరూ చేర్చారనీ అర్థమైంది. అంతవరకూ ధైర్యంగానే విన్నాను. "రేపు ఆయన ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పి, స్టేషన్‌లో ఉన్నదున్నట్టు చెప్పేస్తే సరిపోతుంది కదా" అని నువ్వు అడిగినప్పుడు మాత్రం గుండె జారింది, ఎందుకంటే ఆరేళ్ల క్రితం నేను చేసిన పొరపాటు అదే.

నా మీద కొట్టాట కేసు పెట్టిన మరునాడు, లాయరును కలవకముందే, పెద్దమనిషి తరహాగా ఉంటుందనుకుని, "తప్పు నాదే, కోపంలో చేయి చేసుకున్నాను" అని ఫిర్యాదుదారుకు వాట్సాప్‌లో రాశాను. ముందుగా నా చొక్కా పట్టుకున్నది ఆయనే అన్న సంగతి అందులో ఒక్క అక్షరమైనా లేదు. పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకున్నా, ఆ ఒప్పుకోలును నిందితుడి మీద రుజువుగా కోర్టు తీసుకోదు. కానీ మన చేత్తో మనం ఎదుటివారికి రాసి పంపిన దానికి ఆ రక్షణ లేదు. ఆ సందేశం చార్జిషీటుతో పాటు తిరిగి నా దగ్గరకే వచ్చింది. చట్టంలో ఆత్మరక్షణ హక్కు ఉన్నప్పటికీ, ఆ ఒక్క వాక్యాన్ని దాటి దానిని వినిపించడానికి నా లాయరు పడిన పాట్లు దేవుడికి తెలుసు. కనుక నీ క్షమాపణను కొన్నాళ్లు మనసులోనే ఉంచుకో. ఇప్పటికే ఏదైనా పంపి ఉంటే చెరిపివేయకు, లాయరుకు చూపించు.

విరిగినది పన్ను కావడమే ఈ కేసులో అసలు చిక్కు. నేరాలనూ వాటి శిక్షలనూ చెప్పే, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం మామూలు గాయమైతే 115(2) సెక్షను, అంటే గరిష్ఠంగా ఏడాది జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఎముక గానీ పన్ను గానీ విరిగినా, స్థానం తప్పినా అది 116వ సెక్షను చెప్పే తీవ్ర గాయం కిందికి వస్తుంది. అప్పుడు 117(2) కింద శిక్ష ఏడేళ్ల వరకు ఉండవచ్చు. అందువల్ల వైద్యుడు ఇచ్చిన గాయాల సర్టిఫికెట్‌లో ఏముంది, ఆ పన్ను అంతకుముందే కదులుతూ ఉండేదా అన్నది నీ లాయరు మొదట చూడవలసిన విషయం. ఈ రెండు సెక్షన్లూ బెయిలు ఇవ్వదగినవే, అంటే బెయిలు హక్కుగా దొరికేవే. అయితే నీ చేతిలో హెల్మెట్ ఉందని ఎవరైనా అంటున్నారా? దానిని ఆయుధంగా చూపించే ప్రయత్నం జరిగితే, బెయిలు అలా హక్కుగా దొరకని 118వ సెక్షను ముందుకు వస్తుంది, అప్పుడు ముందస్తు బెయిలు గురించి కూడా లాయరుతో మాట్లాడవలసి ఉంటుంది.

దర్యాప్తు, అరెస్టు పద్ధతులను చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద, హాజరు కమ్మని పోలీసులు నోటీసు ఇస్తే దానిని తప్పించుకోవద్దు. పిలిచిన రోజున లాయరును వెంటబెట్టుకుని వెళ్లు. నోటీసు ప్రకారం హాజరవుతున్న మనిషిని, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయకుండా అరెస్టు చేయకూడదు. నీకు వ్యతిరేకంగా నువ్వే సాక్ష్యం చెప్పనక్కరలేదని రాజ్యాంగం 20(3) అధికరణం అంటుంది, కానీ స్టేషన్‌కు వెళ్లకపోవడానికి అది సాకు కాదు. విచారణలో రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం చేయించకూడదన్నది నిబంధన. ఖాళీ కాగితం సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇక లాయరును ఎంచుకోవడం. మీ నాన్నగారి స్థలం తగాదా చూసిన ప్లీడరుగారు ఎంత మంచివారైనా, ఆ మేజిస్ట్రేటు కోర్టులో రోజూ క్రిమినల్ కేసులు నడిపేవారినే వెతుకు. వాయిదాకు తానే వస్తారా, జూనియర్‌ను పంపుతారా అని మొహమాటం లేకుండా అడుగు. ఫీజు బెయిలు వరకేనా, కేసు ముగిసేదాకానా అన్నది ముందే తేల్చుకో. స్టేషన్ గుమ్మం దగ్గర పరిచయమై "కేసు కొట్టించేస్తాను, నాదీ పూచీ" అనేవారికి దణ్ణం పెట్టి వచ్చేయ్. ఎంచుకున్నాక మాత్రం ఆయన దగ్గర ఏదీ దాచకు: ముందు ఎవరు తోశారో, నువ్వు నోరు జారి ఏమన్నావో, అంతా చెప్పు. నీ అనుమతి లేకుండా ఆ మాటలు బయటపెట్టకూడదని సాక్ష్య చట్టమే లాయరును కట్టడి చేస్తుంది. సీసీ కెమెరా రికార్డు కొద్ది రోజుల్లో చెరిగిపోవచ్చు కనుక, దానిని భద్రపరచాలని ఆయన చేత వెంటనే ఉత్తరం రాయించు. నీ భుజం మీద దెబ్బలున్నాయన్నావు. అవి మానకముందే వైద్యుడికి చూపించి కాగితం తీసుకో. ఎదురు కేసు పెట్టాలా వద్దా అన్నది ఆ తరువాత ఆయన చెబుతారు, కోపంలో నువ్వు తేల్చేది కాదు.

డ్రైవర్ కుర్రవాడిని మరచిపోకు. అతనికీ నీ లాయరే చాలుననుకుంటావేమో, రేపు అతను చెప్పేదీ నువ్వు చెప్పేదీ వేరైతే ఒకే లాయరు ఇద్దరి పక్షానా నిలబడలేడు. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం కింద అతను ఉచిత న్యాయ సహాయం కోరవచ్చు. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా అది అందుతుంది. మిగిలినవారికి ఆదాయ పరిమితి ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేయమను, లేదా జిల్లా కోర్టులోని న్యాయ సేవా సంస్థకు దరఖాస్తు పెట్టుకోమను.

రాజీ గురించి నువ్వు అడిగావు. 115(2) అయితే గాయపడిన మనిషి ఒప్పుకుంటే చాలు, 117(2) అయితే కోర్టు అనుమతి కూడా కావాలి. నా కేసు చివరికి అలాగే ముగిసింది, కానీ ఆ మాటలు లాయర్ల ద్వారా, కాగితం మీద నడిచాయి. నీ క్షమాపణకు చోటు అక్కడ దొరుకుతుంది.

శనివారం ఉదయం నేను వస్తున్నాను. ఎఫ్ఐఆర్ నకలు, నోటీసు, నీ దెబ్బల ఫోటోలు ఒక ఫైలులో పెట్టి ఉంచు. అపార్ట్‌మెంటు గ్రూపులో ఎవరెంత రెచ్చగొట్టినా ఒక్క ముక్క కూడా రాయకు.

నీ
బాల్య మిత్రుడు