వార్షిక నివేదిక: పిల్లల నవలలు, వాటి సినిమాలు, మన ఆదివారాలు

సభ్యులందరికీ నమస్కారం.

ఎండాకాలం చలివేంద్రం, వరదలప్పుడు లంక గ్రామాలకు పంపిన బియ్యం, మంచినీళ్లు, దసరాకి పిల్లల పోటీలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు గ్రంథాలయం గోడకి అంటించాం, ఎవరైనా చూసుకోవచ్చు. కార్యదర్శిగా నాకు ఈ ఏడాది అన్నిటికన్నా సంతోషం కలిగించింది కొత్తగా మొదలుపెట్టిన ఆదివారం చదువు. అందుకే ఈ నివేదికలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలు తమ ఈడు వాళ్ల కోసం రాసిన నవల చదువుతారు. దాని సినిమా ఇంట్లో చూసి, ఆదివారం సాయంత్రం గ్రంథాలయం అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటారు. ఇంగ్లీషు కొరుకుడు పడనివాళ్లకి కాలేజీ పిల్లలు తెలుగులో కథ చెప్పారు. "సినిమా చూసేశాక పుస్తకం ఎవరు ముట్టుకుంటారండీ?" అని కొందరు పెద్దలు అడిగారు. తీరా చూస్తే, సినిమా చూసొచ్చిన పిల్లలే పుస్తకం నాకంటే నాకని పోటీపడ్డారు.

ఎక్కువమందికి నచ్చింది 'హోల్స్'. లూయీ శాకర్ 1998లో రాసిన నవల, 2003లో సినిమా అయింది. చెయ్యని దొంగతనానికి స్టాన్లీ అనే కుర్రాణ్ణి ఎండిపోయిన చెరువులో ఉన్న శిబిరానికి పంపుతారు. రోజుకో గొయ్యి తవ్వాలి. అయిదడుగుల లోతు, అయిదడుగుల వెడల్పు, చేతిలో ఉన్న పారే కొలత. చేపల చెరువుల గట్ల మీద తిరిగే మన పిల్లలకి ఇది ఒక పట్టాన నమ్మబుద్ధి కాలేదు. "మేష్టారూ, అయిదడుగులు తవ్వినా నీళ్లు ఊరవాండీ?" అని ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి అడిగాడు. "అక్కడ వాన పడి వందేళ్లు దాటిందిరా అబ్బాయ్" అన్నారు మేష్టారు. ఆ పూటంతా మాట నీళ్ల మీదే నడిచింది. నవలలో స్టాన్లీ లావుగా ఉంటాడు, తవ్వి తవ్వి గట్టిపడతాడు. సినిమాలో మొదట్నించీ సన్నగానే ఉంటాడు. "అసలు మార్పే పోయింది కదండీ" అని ఒకమ్మాయి బాధపడింది, ఆ మాట నిజమే. అయినా పాతకాలం కథనీ ఇప్పటి కథనీ తాడు పేనినట్టు పేనడంలో సినిమా ఎక్కడా సడలలేదు. స్క్రీన్‌ప్లే కూడా శాకరే రాసుకున్నారు.

'హంగర్ గేమ్స్' (నవల 2008, సినిమా 2012) మీద రెండు జట్లుగా విడిపోయారు. పిల్లల్ని ఒకరినొకరు చంపుకునే ఆటలోకి దింపి టీవీలో చూపించే కథ ఇది, నవలంతా ఆ ఆటలోకి దిగిన కాట్నిస్ అనే అమ్మాయి నోటితోనే నడుస్తుంది. కెమెరా చూస్తోందని ప్రేమ నటిస్తోందా, నిజంగానే మనసు పడుతోందా అన్న టెన్షన్ ఆమె తలలోనే ఉంటుంది. సినిమాలో అది పలచబడింది. దానికి బదులు ఆటని వెనక నుంచి నడిపించేవాళ్ల గది చూపించారు. నాకు నవలే మిన్న. పిల్లల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు.

గ్రంథాలయం నడిపేవాళ్లం కాబట్టి 'ది అవుట్‌సైడర్స్' సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఎస్.ఇ. హింటన్ ఇరవై నిండకముందే రాసిన ఈ నవల 1967లో వచ్చింది. దీన్ని సినిమాగా తియ్యమని కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో ఒక బడి లైబ్రేరియనూ పిల్లలూ దర్శకుడు కొప్పోలాకి ఉత్తరం రాశారు. ఆయన 1983లో తీసి, సినిమాని వాళ్లకే అంకితమిచ్చారు. ఇది విన్న రోజు మన పిల్లల మొహాలు చూడాల్సింది. ఎవరికి ఉత్తరం రాయాలి, ఏ తెలుగు నవల తియ్యమనాలి అని అప్పటికప్పుడే కాగితాలు తీశారు.

క్యాన్సర్ వచ్చిన ఇద్దరు పిల్లల ప్రేమకథ, జాన్ గ్రీన్ 2012 నవల 'ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్', హిందీలో 2020లో 'దిల్ బేచారా' అయింది. కథ జంషెడ్‌పూర్‌కి వచ్చింది, ఆమ్‌స్టర్‌డామ్ ప్రయాణం పారిస్‌కి మారింది. ఊరు మార్చినా ఏడుపు మారలేదని ఆడపిల్లల తీర్పు.

ఇక్కడే మన ఊళ్ల మాట వచ్చింది. మొక్కపాటి వారి 'బారిస్టర్ పార్వతీశం' 1940లోనే సినిమా అయింది. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా బయల్దేరి, నర్సాపురంలో పడవెక్కి, నిడదవోలు చేరి రైలెక్కే కథ మన పిల్లలది కాక ఎవరిది? ఇదీ కథానాయకుడు తనే చెప్పుకునే నవలే, నవ్వంతా అతని మాటలోనే ఉంది. ఆ నవ్వు తెర మీదికి ఎలా తేవాలన్నదే అసలు చిక్కు. పడవ ప్రయాణం ఒక్కటీ స్క్రీన్‌ప్లేగా రాయడం పిల్లలు మొదలుపెట్టారు. మొదటి చిత్తులో మాటలన్నీ వెనక నుంచి చెప్పించారు. రెండోదానిలో సగం తీసేసి, తోటి ప్రయాణికుల చూపులతో నడిపారు. రెండోది చాలా బాగుంది.

సంక్రాంతికి దాన్ని గ్రంథాలయం ముందు ఆడిస్తాం. వచ్చే ఏడు నవలల ఎంపిక పిల్లల కమిటీకే వదిలేయాలని కార్యవర్గం తీర్మానించింది. చందా బాకీ ఉన్నవాళ్లు పండగలోపు కట్టండి, ఆ డబ్బు పుస్తకాలకే పోతుంది. ఇంట్లో 'పార్వతీశం' పాత ప్రతులుంటే దయచేసి తెచ్చివ్వండి. ఉన్న ఒక్క పుస్తకానికీ అట్ట ఊడిపోయింది, చదవాల్సినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

కార్యదర్శి