పిండిమర లెక్క వేసిచ్చిన అన్నకు

జిల్లా పరిశ్రమల కేంద్రం వరండాలో మా సంఘానికి పిండిమర లెక్క వేసిచ్చిన అన్నా, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారు. మీకు నమస్కారాలు.

చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదుకు పైసా కట్టక్కర్లేదన్నారు. రుసుము అడిగే వెబ్‌సైట్లు దళారులవట. కొత్త యూనిట్‌కు బ్యాంకు అప్పుతో పాటు కేంద్రం రాయితీ ఇచ్చే పీఎంఈజీపీ పథకంలో పల్లెటూరి మహిళకు రాయితీ 35 శాతం, సొంత వాటా 5 శాతమే. అంటే 8 లక్షల యూనిట్‌కు చేతిలో 40 వేలుండాలి. రాయితీ 2.80 లక్షలు మాత్రం చేతికి రావు: మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటాయి, ఆ మేరకు అప్పుపై వడ్డీ పడదు. చాలామంది తడబడేది ఇక్కడే.

అన్నిటికన్నా విలువైన మాట ఇంకోటి. మంజూరుకు ముందే మర కొని తిప్పితే అది పాత యూనిట్ లెక్క, రాయితీ పోయినట్టే. కొటేషన్ తెచ్చుకుని ఆగమన్నారు, ఆగాం. గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో శిక్షణే కాదు, భోజనం, వసతీ ఉచితమే అన్నదీ మీరే. మీ కాగితం మా తీర్మానాల పుస్తకంలో అంటించాం.