వార్షిక నివేదిక: కీమోలో కౌంట్ పడిపోయిన రోజుల్లో మన సంఘం చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం.

మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే, నేరుగా పనిలోకి వస్తాను. కీమో, అంటే క్యాన్సర్‌కు ఎక్కించే మందుల తర్వాత తెల్ల రక్తకణాల సంఖ్య (కౌంట్), అందులో ముఖ్యంగా ఇన్ఫెక్షన్‌తో పోరాడే న్యూట్రోఫిల్స్ పడిపోయే రోజుల మీదే ఈ ఏడాది ఎక్కువగా పనిచేశాం. చాలా కీమో మందులకు, ఎక్కించిన తర్వాత 7 నుంచి 14 రోజుల మధ్య కౌంట్ బాగా తగ్గుతుంది. అప్పటికి రోగి ములుగులోనో పరకాలలోనో ఇంటి దగ్గర ఉంటారు. దవాఖాన దూరం, జ్వరమేమో రాత్రిపూట వస్తుంది.

గర్వంగా చెప్పుకోవాల్సింది హనుమకొండలో పెట్టిన థర్మామీటర్ల శిబిరం. వచ్చిన ప్రతి కుటుంబానికీ డిజిటల్ థర్మామీటర్ ఇచ్చి, డబ్బా మీద ఎర్ర మార్కరుతో 100.4 (ఫారెన్‌హీట్ డిగ్రీలు) అని రాసిచ్చాం. కొడుకు కోసం వచ్చిన ఒక అవ్వకు చదువు రాదు. థర్మామీటర్ చంకలో పెట్టుకొని, బీప్ వచ్చేదాకా కదలకుండా కూర్చొని, తెర మీది అంకెను డబ్బా మీది అంకె పక్కన పెట్టి చూపించింది. హాలంతా చప్పట్లు కొట్టారు. జ్వరం ఆ అంకెకు చేరితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే దవాఖానకు పోవాలి. మాత్రతో జ్వరం దిగినట్టు కనిపిస్తుంది కానీ ఇన్ఫెక్షన్ పోదు. న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరు రక్తంలో 500 కన్నా తగ్గినవాళ్లకు గంట ఆలస్యమైనా ప్రాణం మీదికి వస్తుంది.

కౌంట్ పెంచే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్లను ఊళ్లకు చేర్చిన కుర్రాళ్లకు ప్రత్యేక కృతజ్ఞతలు. ఐస్ ప్యాక్ నేరుగా తగిలితే మందు గడ్డకట్టి పాడవుతుందని, గుడ్డ చుట్టి మరీ తీసుకెళ్లారు. బతుకమ్మకు గునుగు, తంగేడు ముట్టుకోవద్దని డాక్టర్ చెప్పిన అక్కల ఇళ్లకు పోయి బతుకమ్మ పేర్చిచ్చిన మహిళా సభ్యులకు, హాలు ఉచితంగా ఇచ్చినవారికి, భోజనాలు పెట్టినవారికి, చేతులు కడుక్కునే తీరు నేర్పిన నర్సులకు నమస్కారాలు.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. విరాళాలు ఖర్చులకు సరిపోయాయి.

బాధ కలిగించిన సంగతి కూడా చెప్పాలి. రాత్రి ఫోన్ డ్యూటీకి పేర్లిచ్చినవాళ్లలో సగంమంది తర్వాత ఫోనే ఎత్తలేదు. అవతల జ్వరంతో ఉన్న మనిషి ఇంటివాళ్లు ఎంత టెన్షన్ పడతారో ఆలోచించండి. కీమో రోగి జ్వరంతో వస్తే ఓపీ లైన్లో నిలబెట్టకుండా వెంటనే లోపలికి తీసుకోవాలని అధికారులకు అర్జీ ఇచ్చాం. గుర్తుచేస్తూ మళ్లీ రాసినా జవాబు లేదు. ఈసారి సభ్యులందరి సంతకాలతో పోదాం.

ఫోన్ డ్యూటీ కొత్త జాబితా గుమ్మం దగ్గరి బల్ల మీద ఉంది. అర్ధరాత్రి లేవగలిగినవాళ్లే పేరు రాయండి.

ఇట్లు,
కార్యదర్శి